వెతికితే మా బావే ముందు

ఆ రోజుల్లో మా పోర్ట్ బ్లెయిర్‌లో అసూయ పడాలన్నా నెట్‌వర్క్ దొరకాలి. ఫోన్‌లో చక్రం తిరిగి తిరిగి పేజీ తెరుచుకునేసరికి మామూలు మనిషికి కోపం చల్లారిపోతుంది. నాకు మాత్రం ముదిరేది. డెయిరీ ఫార్మ్ అనే మా పేటలో అమ్మ చేతి చేపల పులుసును నమ్ముకుని కొత్తగా భోజన హోటల్ పెట్టాను. పక్కనే హాడో పేటలో మా బావ (మేనత్త కొడుకు, పైగా మా చెల్లి మొగుడు) ఇంకోటి పెట్టాడు. ఓడ దిగిన టూరిస్టులు ఫోన్‌లో వెతికి, ముందు కనిపించిన చోటికి పోయేవారు. నా ఫోన్‌లో ఎప్పుడూ బావే ముందు. మేము ఎక్కడో అట్టడుగున, మూతపడ్డ టైర్ల షాపు కింద. మా బల్లలు ఖాళీ. కడుపు మండిపోయేది.

"ఆడి పులుసులో సింతపండు తప్ప ఏటుందిరా? ఆడినెవుడు ముందెట్టాడు?" అనేది అమ్మ. అదే అడుగుతూ ఆ వెతుకుడు కంపెనీకి రాశాను (పులుసు రుచి చూశారా అని కూడా). 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని వచ్చింది. మళ్లీ రాస్తే మళ్లీ ధన్యవాదాలే. మా ఆఫీసుల్లో కనీసం "కల్ ఆనా" (రేపు రా) అని కసరడానికైనా ఒక మనిషి ఉంటాడు. చేసేదిలేక పొద్దున్నా రాత్రీ బావ హోటల్‌నే వెతికి, వాడికొచ్చిన పొగడ్తలన్నీ చదివి కుళ్లుకునేవాణ్ని. బావతో మాత్రం ఒక్క ముక్క అనలేదు. చేప ఎక్కడ పడుతోందో పక్క పడవకు చెప్పని వంశం మాది.

చివరికి మేనత్త ఇంట్లో భోజనాల దగ్గర బావే బయటపడ్డాడు. "ఏటి మాయ సేసావురా భయ్యా? ఎప్పుడు సూసినా నువ్వే పైన." నేను తెల్లబోయి చూస్తే, వాడి ఫోన్‌లో నిజంగానే మా హోటల్ ముందుంది. వాడూ రోజూ నన్నే వెతుకుతున్నాడట. చెల్లి పడీపడీ నవ్వింది. "ఇద్దరూ పొద్దత్తమానం ఒకల్నొకలు ఎతుక్కుంటే, మీకు కావలసింది అదేనని ఫోను అనుకుంటాదేమో."

"అదేనా కారణం?"

"నాకేటి తెలుసన్నా? ఆ కంపెనీవోలు సెప్తారేటి?"

"మరి నీ ఫోన్‌లో ఎవరు ముందు?" అన్నాడు బావ. చెల్లి వెతికి చూపించింది. మేమిద్దరం ఎన్నడూ వినని ఏదో కేఫ్, పేరు పక్కన చీమంత అక్షరాలతో 'ప్రకటన' అని. టూరిస్టులంతా ఎటు పోతున్నారో అప్పుడు తెలిసింది. ఆ పూట బావా నేనూ జీవితంలో మొదటిసారి కలిసి ఒకే మనిషి మీద కుళ్లుకున్నాం.

ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే హోటల్, అమ్మ పులుసే. బావ పాత హోటల్ మూసేసి చాలా కాలమైంది. అయినా నా ఫోన్‌లో ఇప్పటికీ అదే ముందొస్తుంది. ఎందుకో చెప్పే నాథుడు లేడు. నేనూ పట్టించుకోవడం మానేశాను. రోజుకొక్కసారి చూసుకుంటాను, అంతే.