నడిచి ఆడే ఆటకు కూతురి సంతకం

కాలనీ కమిటీ అధ్యక్షుడు ఆ కాగితం చేతిలో పెట్టినప్పుడు ముందు నాకు విషయం అర్థం కాలేదు.

"కొడుకుతోటో బిడ్డతోటో సంతకం పెట్టించుకొని రాండ్రి అంకుల్. పెద్దోళ్లు ఆడుకోనీకి ఇంట్లోళ్లు ఒప్పుకున్నట్టు రాసిచ్చినంకనే గ్రౌండ్ల అడుగుపెట్టుడు," అన్నాడు.

అతనికి నలభై ఉంటాయేమో. నాకు అరవై మూడు. బొల్లారంలో మందుల ముడిసరుకు చేసే కంపెనీలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను. చివరి పదేళ్లు షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. రియాక్టర్ వేడి హద్దు దాటితే ఎవరినీ అడగకుండా ప్లాంటు ఆపించే బాధ్యత నాది. అలాంటి నేను పొద్దున ఒక గంట బంతి ఆడుకోవడానికి నా కూతురి అనుమతి తేవాలట!

అదీ ఎలాంటి ఆట? పరుగే లేని ఆట. మా పటాన్‌చెరు కాలనీలోనే ఉండే రిటైరైన పీఈటీ సారు మొదలుపెట్టాడు. మాకు నేర్పే ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టి మూడే మాటలు చెప్పాడు. "ఉరకొద్దు. తోసుకోవద్దు. బంతి నడుము కంటే మీదికి లేవద్దు. ఉరికితే విజిలేస్త, బంతి అవతలోళ్లకిస్త." అంతే. దీన్ని నడక ఫుట్‌బాల్ అంటారని అన్నాడు.

నేను వెళ్లింది డాక్టరు నడవమన్నాడని. షుగరు. అంతకుముందు ఆరు నెలలు కంపెనీ బస్సులు, లారీలు దుమ్ము లేపుకుంటూ పోయే రోడ్డు పక్కన ఒంటరిగా నడిచాను. నలభై నిమిషాల నడకలో నలభై సార్లు గడియారం చూసుకునేవాణ్ణి. ఈ ఆట మొదలయ్యాక గంట ఎప్పుడు గడిచేదో తెలిసేది కాదు. మోకాళ్లు నొచ్చేవి కానీ, చిన్నప్పుడు దెబ్బ తగిలినట్టు నొచ్చేవి. ఆ నొప్పి నాకిష్టం.

నాతో పాటు నా పాత స్నేహితుడు, బజారులో నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్న దర్జీ వచ్చేవాడు. కుట్టుమిషను ముందు కూర్చుని కూర్చుని అతని నడుము వంగిపోయింది. బంతి కాలికి తగిలితే చాలు, మనిషి నిటారుగా నిలబడేవాడు. "క్యా బాత్ భాయ్, సూస్తివా?" అని గ్రౌండంతా వినపడేట్టు అరిచేవాడు.

రెండో నెలలో ఒక ఆవిడ వచ్చింది. పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసి మానేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి: ఆమె ఆడతానంటే మొదట అడ్డం చెప్పింది నేనే. "మగోళ్ల నడుమ పడి దెబ్బలు తగిలించుకుంటవు అక్కా, పక్కన నడువరాదు?" అన్నాను. ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకుంటూ నా వైపు చూసింది. "ముప్పై ఏండ్లు పొయ్యి మీదికెళ్లి డేక్సాలు దించిన అన్నా. గీ బంతి నన్నేం జేస్తది?" అంది. వారం తిరక్కుండా మాలో అందరికంటే సూటిగా బంతి అందించేది ఆమే అయింది.

ఇలా ఉండగా ఒకరోజు దర్జీ పడ్డాడు. వెనక్కి నడుస్తూ గుంతలో కాలు పెట్టాడు. మణికట్టు బెణికింది. ఆ గుంత క్రికెట్ ఆడేవాళ్లు వికెట్ల కోసం తవ్వి పూడ్చకుండా వదిలేసింది. ఆ గుంత ఎవరు తవ్వారని ఒక్కరూ అడగలేదు. ముసలివాళ్లు ఎందుకు ఆడుతున్నారని మాత్రం కాలనీ అంతా అడిగింది. మూడో రోజుకు గ్రౌండ్ చిన్న గేటుకు తాళం, మా చేతుల్లో ఈ కాగితాలు.

క్రికెట్ బంతి తగిలి అదే గ్రౌండులో పళ్లు ఊడగొట్టుకున్న పిల్లలున్నారు. వాళ్ల తండ్రులను ఎవరూ సంతకం అడగలేదు. వయసులో ఉన్నవాడు పడితే అది ఆట, మేము పడితే తప్పు! మా ఒంటి మీద మాకున్న హక్కు ఏ పుట్టినరోజున పోయిందో ఆ అధ్యక్షుడే చెప్పాలి.

ఇంత కోపం ఉన్నవాణ్ణి ఆ కాగితం అక్కడే పారేయాలి కదా. పారేయలేదు. ఇంటికి తీసుకెళ్లాను. ఆట పోతుందేమోనన్న భయం. కూతురు చదివి నవ్వింది. "నువ్వు నా ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టినట్టు నేను పెట్టాల్నా నాయినా?" అంటూ సంతకం చేసింది. నాకు నవ్వు రాలేదు. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు గేటు దగ్గర అధ్యక్షుడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరు కాగితాలిచ్చి లోపలికి వెళ్లిపోయారు. తర్వాత క్యాంటీన్ వంటావిడ వంతు.

"నాకు పిల్లల్లేరు. నా పెనిమిటి పోయి పదకొండేండ్లాయె. నా సంతకం ఎవలు పెట్టాలె?" అని అడిగింది.

"తమ్ముడో, మరిదో… ఎవరన్న ఒకలుంటరు గదా అక్కా."

"నేను పడితే నొచ్చేది నాకు. దవాఖానకు పోయేది నేను. కాగితం గిట్లియ్యి, నేనే పెడ్త."

"గట్ల నడువది. కమిటీ రూల్."

ఆమె విడిచిన చెప్పులు మళ్లీ వేసుకుని ఇంటి వైపు తిరిగింది. మూడు దశాబ్దాలు వందల మందికి అన్నం వండిపెట్టిన మనిషి ఆమె. ఒక గంట ఆట కోసం మరిది దగ్గరికి పోయి అడుక్కోవాలా? నా జేబులో కూతురు సంతకం పెట్టిన కాగితం ఉంది. అధ్యక్షుడి మీద ఎంత మండిందో నా మీద నాకూ అంతే మండింది.

"నా కాగితం నేనియ్య," అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది. "షిఫ్టుల ముప్పై మంది పాణాలకు నేను సంతకం పెట్టిన. నా పాణానికి ఇంకొకల సంతకం దేను."

పీఈటీ సారు బంతి చంకన పెట్టుకున్నాడు. చేతికి కట్టుతో ఉన్న దర్జీ "పదండ్రి" అన్నాడు. మిగిలిన ఏడుగురం అక్కణ్ణుంచి నేరుగా మున్సిపల్ ఆఫీసుకు పోయి, తెరిచేదాకా మెట్ల మీద కూర్చున్నాం.

అక్కడి గుమాస్తా మా అర్జీ సగం చదివి పక్కన పెట్టాడు. "ఈ వయసుల గివన్నీ ఎందుకు? గుడికో మసీదుకో పోరాదు?"

"ఫజర్ నమాజ్ సదివినంకనే గ్రౌండ్‌కొస్తున్న సాబ్. నేనాడితే అల్లాకేం ఎతరాజ్ లేదు, మీకే ఉన్నట్టుంది," అన్నాడు దర్జీ.

నాలుగుసార్లు తిరిగాం. నాలుగోసారి లోపలున్న అధికారిణి స్వయంగా ఫైలు తెప్పించి చూసింది. ఆ స్థలం మున్సిపాలిటీది. తాళం వేసే అధికారం కమిటీకి లేదు. అదే మాట రాసిచ్చింది. మూడు వారాల తర్వాత తాళం తీశారు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. పైగా గేటుకు బోర్డు తగిలించారు: 'వృద్ధులకు ప్రమాదం జరిగితే కమిటీకి సంబంధం లేదు.' దాన్ని చూసినప్పుడల్లా నా నెత్తురు మరుగుతుంది. క్యాంటీన్ ఆవిడ మాత్రం దాని కింద చెప్పులు విడిచి లోపలికి వెళుతుంది.

ఆ ఉదయం కాగితాలిచ్చి లోపలికి వెళ్లిన ఇద్దరిలో ఒకాయన మేము తిరిగి వచ్చిన రెండో రోజున గీత బయట నిలబడ్డాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. ఆమే బంతిని మెల్లగా ఆయన కాళ్ల దగ్గరికి తోసి, "నిలవడితివేంది, రా" అంది. ఆయన తల వంచుకుని ఆటలో కలిశాడు.

నాకు అంత మనసు లేదు. ఇప్పటికీ ఆయనకు బంతి అందిస్తాను కానీ మాట్లాడను.