బెహ్రూజ్ సార్ బడి వదిలి పోలేదు

నిన్న వనపర్తి బస్టాండు ఎదుట హోటల్లో కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన పటికబెల్లం ముక్కను పళ్ళ మధ్య బిగించి, దాని మీదుగా చప్పటి టీని జుర్రుకున్నాడు. ముక్క పటుక్కున విరిగింది. ఆ చప్పుడును మా స్టాఫ్ రూములో ఏళ్ళ తరబడి విన్నాను. అది బెహ్రూజ్ సార్ టీ తాగే తీరు. ఆయన ఉన్నట్టుండి బడి వదిలేసి తన దారి చూసుకున్నాడని ఈ ఊరు చాలాకాలం చెప్పుకుంది. అది నిజం కాదని నాకు తెలుసు. తెలిసీ అన్నేళ్ళూ ఆ మాట బయటికి అనలేదు.

ఆయనది ఇరాన్ దేశంలోని షిరాజ్. హైదరాబాదుకు చదువు కోసం వచ్చాడు. ఈలోగా అక్కడ ప్రభుత్వం మారింది. సెలవులకు వెళ్ళినప్పుడు మిత్రులతో కలిసి ఒక నాటకంలో కొత్త ప్రభుత్వ పెద్దలను వెక్కిరించాడట. తిరిగి వచ్చాక, తోటి నటులను పట్టుకుపోయారని కబురు అందింది. ఇక సొంత గడప తొక్కలేదు. వనపర్తి స్నేహితుడొకడు వెంటబెట్టుకుని వస్తే ఇక్కడే ఉండిపోయి, లెక్కల సారయ్యాడు, ఖాలిదా భాభీని పెళ్ళి చేసుకున్నాడు, పాలమూరు తెలుగు నేర్చాడు. పెళ్ళిళ్ళకు, మల్దకల్ జాతరకు, బడి వార్షికోత్సవాలకు పిలిస్తే వెళ్ళి జనాన్ని నవ్వించేవాడు. మైకు అందుకోగానే ఆయన అనే మొదటి మాట ఇది: "మా దేశంల నవ్విస్తె జైల్ల ఏస్తమన్నరు. ఈడ నవ్వియ్యకుంటె అన్నం పెట్టమంటున్నరు. ఏం జెయ్యాలె, మీరే చెప్పున్రి!"

క్లాసులోనూ అంతే. లాభనష్టాలు చెప్పే రోజు తలకు తువ్వాలు చుట్టి మేకలమ్మేవాడయ్యేవాడు. ఒక్క గంతు వేసి బేరమాడేవాడయ్యేవాడు. చివరికి బల్ల మీద చేతులాన్చి మేక కూడా తానే అయ్యేవాడు. "లాభం ఆయనది, నష్టం ఈయనది అంటున్నరు. అరె, పానం పోయేది నాది! నా నష్టమెంతనో జర లెక్క జెయ్యున్రి" అని మేక గొంతుతో అడిగితే పిల్లలు బల్లలు చరిచి నవ్వేవారు. నేను అదే బడిలో కొత్తగా చేరిన సైన్సు టీచర్ని. పక్క గదిలో నా పాఠం ఆపి వినేవాణ్ణి. పిల్లల్ని భయపెట్టకుండా కూర్చోబెట్టవచ్చని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఒకరోజు వాళ్ళింట్లో ఆయన చేతి గడియారం చూసి బాగుందన్నాను. వెంటనే విప్పి నా చేతిలో పెట్టాడు. "నీదే తమ్మీ, తీస్కో." మురిసిపోయి పెట్టుకుని ఇంటికి వెళ్ళాను. మర్నాడు భాభీ నన్ను పిలిచి, నవ్వలేక నవ్వుతూ చెప్పింది. "ఏంది నర్సింలూ, నిజంగనే తీస్కపోయినవా? వాళ్ళ దిక్కు గట్లనే అంటరయ్యా. ఎదుటోళ్ళు బాగుందంటె ఇస్తమనాలె. నువ్వు వద్దనాలె. అది వాళ్ళ నాయినది. ఆయన నోరు దెర్శి అడగడు, రాత్రంత పొర్లిండు." సిగ్గుతో గడియారం తెచ్చిచ్చాను. సార్ మాత్రం, "నీ చేతికే మంచిగుండెగద" అన్నాడు. అది కూడా మర్యాదే.

కొన్నాళ్ళకు బడి పెట్టిన పెద్దాయన చనిపోయి, హైదరాబాదు నుంచి ఆయన కొడుకు వచ్చాడు. అప్పటికి సారే హెడ్మాస్టరు. కొత్తాయన సార్‌నూ నన్నూ ఆఫీసు గదికి పిలిచి, "సార్, ఈ పని మీకు బరువైతున్నట్టుంది" అన్నాడు. సార్ గుండె మీద చెయ్యి పెట్టుకుని లేచాడు. "ఈ కుర్చీ మీది సార్. పొమ్మంటె ఇయ్యాలనే పోత." షిరాజ్‌లో అయితే ఎదుటివాడు చేతులు పట్టుకుని, అంత మాట అనొద్దు, కూర్చోండి అని బతిమాలాలి. కొత్తాయనకు అది తెలియదు. "మంచిదండి, మీరే అన్నరు గాబట్టి అట్లనే కానియ్యండి" అని నా వైపు తిరిగి, "మీరు చూస్కుంటరా?" అన్నాడు.

సార్ నా వైపు చూశాడు. ఆయన మర్యాదకు అన్నాడు, నిజంగా పోతానని కాదు అని నేను అంటే చాలు. ఆయన తనంతట తాను అనలేడు. అంటే ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నట్టు. నాకు అన్నీ తెలుసు. కానీ ఆ కుర్చీ నాకు కనిపించింది. "చూస్కుంట సార్" అన్నాను. బెహ్రూజ్ సార్ నా భుజం తట్టి, "ముబారక్ తమ్మీ" అని బయటికి నడిచాడు.

ఆ తరువాత నాగర్‌కర్నూల్‌లో కొన్నాళ్ళు, గద్వాలలో చాలా ఏళ్ళు చిన్న చిన్న బళ్ళలో పాఠాలు చెప్పాడు. వనపర్తికి మళ్ళీ రాలేదు. "ఎంతైన పరాయి దేశపోడు. ఉప్పు దిన్న బడిని ఇడ్సిపెట్టిపాయె" అని ఊళ్ళోవాళ్ళు నా ఎదుటే అన్నారు. నేను రిజిస్టరు మీద తల వంచుకున్నాను. ఆయన పేరు మీద పడ్డ ఆ మచ్చ మీదే నా పదవి నిలబడింది.

పోయిన నెల పాత విద్యార్థులు గద్వాల నుంచి ఆయన్ను కారులో వనపర్తికి తీసుకువచ్చి సన్మానం చేశారు. ఒకడు మైకు పట్టుకుని, "సార్ మీద మాకు ఒక్కటే కోపం. మమ్మల్ని నడిమిట్ల ఇడ్సిపెట్టి పోయిండు" అన్నాడు. హాలంతా నవ్వింది. చేతులు జోడించి, సార్ తల వంచాడు. ఆ తప్పును కూడా తన మీదే వేసుకుంటున్నాడు. నేను కూర్చోలేకపోయాను. వేదిక ఎక్కి మైకు అడిగాను.

"సార్ మిమ్మల్ని ఇడ్సిపెట్టి పోలే" అన్నాను. "ఆయన్ని పోనిచ్చింది నేను. పోతననుడు వాళ్ళ దేశపు మర్యాదని నాకెరుకే. ఆపితె ఆగుతుండె. ఒక్క మాటంటె సాలుతుండె. కుర్చీ మీది ఆశకు ఆ మాట అనలే. ఇన్నేండ్లు మీరు ఆయన్ని అన్న మాటలన్ని నాకు తాకాల్సినయి." ఆయన వైపు తిరిగాను. "సార్, మీ బడి నేను గుంజుకున్న. నన్ను మాఫ్ చెయ్యున్రి."