నా గుండె ఆపేముందు నన్ను అడగాలి

ఆ రోజు గీదం సంతలో చింతపండు తూకం వేస్తుండగా ఎడమ దవడ లాగడం మొదలైంది. కాసేపటికి భుజం కూడా పట్టేసింది. బస్తాలు ఎత్తే ఒళ్లు కదా, మామూలేలే అనుకున్నాను. దవడకూ బస్తాకూ ఏం సంబంధమో ఆలోచించలేదు. చెమటలు పట్టి త్రాసు పక్కనే కూలబడ్డాను.

జగదల్‌పూర్‌లో ఈసీజీ తీసి వెంటనే రాయ్‌పూర్ పంపారు. యాంజియోగ్రామ్‌లో మూడు రక్తనాళాలూ మూసుకుపోయాయని తేలింది. షుగర్ ఎప్పటినుంచో ఉంది, పైగా గుండె పంపింగ్ బాగా తక్కువ. సర్జన్ నా మంచం పక్కనే నిలబడి, నా వెంట వచ్చిన మా మరిదితో హిందీలో మాట్లాడాడు. బైపాస్ చేయాలి, హై రిస్క్, ఆపిన గుండె మళ్లీ సరిగ్గా కొట్టుకోకపోవచ్చు అన్నాడు. మరిది నా వైపు తిరిగి నవ్వు మొహం పెట్టాడు.

"ఏం లేదు వదినా, చిన్న ఆపరేషనంట. ఎందుకులే, మందులతోనే చూద్దాం. ఇంటికి పోదాం."

నాకు ఒళ్లు మండింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి సంతలో హల్బీ, గోండీ, హిందీల్లో బేరాలాడుతున్నదాన్ని. నా చావుబతుకుల మాట డాక్టర్ హిందీలో చెబితే నాకు అర్థం కాదనుకున్నాడు!

"గుండె ఆపుడు చిన్న పనా నీకు? ఏంది నీ తెలివి? ఊకో" అని డాక్టర్ వైపు తిరిగాను. "సాబ్, జో బోల్నా హై, ముఝసే బోలియే." ఏం చెప్పాలన్నా నాకే చెప్పమన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కుట్లు వేసేటప్పుడు గుండె కదలకూడదమ్మా. కార్డియోప్లీజియా అనే చల్లని మందు ఎక్కించి ఆపుతాం, మధ్యమధ్యలో మళ్లీ ఇస్తాం. దెబ్బ తినకుండా దాన్ని కాపాడేది అదే. అంతసేపూ ఒంటికి రక్తం మెషీన్ పంపుతుంది. మీది బలహీనమైన గుండె కనుక దానికి సాయంగా ముందే తొడలోంచి బెలూన్ పంప్ పెడతాం."

"చేయకపోతే?"

"ఇంకో అటాక్ వస్తే కష్టం."

"అయితే కోయండి."

బెలూన్ పెట్టాక కాలు వంచకుండా పడుకోమన్నారు. ఒక్కచోట కుదురుగా కూర్చోలేని మనిషిని నేను. అందరినీ తిట్టుకుంటూనే పడుకున్నాను, కాలు మాత్రం వంచలేదు.

ఆపరేషన్ తర్వాత బీపీ పడిపోయింది. బెలూన్ తీయలేదు. నాకు భయం వేసింది, దాచను. "గుండె అలసింది, టైమ్ ఇవ్వండి" అన్నాడు డాక్టర్. ఇచ్చాను. కొన్ని రోజులకు బీపీ నిలబడింది, బెలూన్ తీశారు.

ఇప్పుడు సంతలో తూకం నాదే. బస్తాలు మరిది ఎత్తుతాడు. "నీకు తెలిస్తే భయపడతవని కాదు వదినా, నాకే భయమేసింది" అని మొన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పిచ్చోడు.

ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. 'ఆపినంతసేపు నా గుండెను ఎలా కాపాడతారు?' అని డాక్టర్‌ను మీరే అడగండి. భాష రాకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని వెంట తీసుకెళ్లండి. మా మరిదిని మాత్రం అడగకండి, పంపను.