విరిగిన మడతబందుతో కలకత్తాకు

విశాఖపట్నం నుంచి కలకత్తా పక్కనున్న షాలిమార్ వెళ్లే బండి మధ్యాహ్నం మూడున్నరకు బయలుదేరాల్సింది, నాలుగుంబావుకు కదిలింది. స్లీపరులో కిటికీ పక్క సీటు దొరికింది. వెంట రెండు జతల బట్టలు, పులిహోర పొట్లం, పాత తువ్వాలులో చుట్టిన రెండు కంచు ముక్కలు. ఆ ముక్కల కోసమే ఈ ప్రయాణం.

పాత కార్లు బాగుచెయ్యడం నా పని. రాజ్యలక్ష్మిగారి దగ్గర గుడ్డ టాపు వెనక్కి మడిచే విదేశీ కారొకటి ఉంది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, విడిభాగాలు ఎక్కడా దొరకవు. టాపు కడ్డీలు మడతపడే చోట ఉండే కుడివైపు మడతబందు నెల కిందట నా షెడ్డులో విరిగింది. విరగడమేమిటి, నేనే విరిచాను. బోల్టు బిగిసింది చాలక ఇంకో చుట్టు తిప్పాను, టక్కుమంది.

ఆ మాట ఆవిడతో అనడానికి నోరు రాలేదు. విరిగిన చోట మసినూనె పూసి, "పాత పగులండీ, ఎప్పటినుంచో ఉన్నట్టుంది" అన్నాను. ఇరవయ్యేళ్లుగా ఆ టాపు వేసేదీ తీసేదీ డ్రైవరు అప్పన్న ఒక్కడే. నేను అతని పేరు ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ రాలేదు. మర్నాటి నుంచి కారు తాళాలు ఆవిడ తన గదిలో పెట్టుకున్నారు. అప్పన్న గేటు దగ్గర స్టూలు మీద కూర్చుంటున్నాడు. నేను వెళ్లినప్పుడల్లా లేచి నమస్కారం పెడుతున్నాడు, అదొకటి.

శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ఎదుటి సీట్లోకి ఒకావిడ ఎక్కింది. భర్తకు కలకత్తా మున్సిపాలిటీలో పని. పుట్టింట్లో పెళ్లి చూసుకుని తిరిగి వెళుతోంది. నా ఒళ్లో మూట చూసి ఊరుకోలేకపోయింది.

"ఏటి బాబూ, కిందెట్టకుండా పట్టుకున్నారు? బంగారమేటి?"

కారు ముక్కలనీ, కలకత్తాలో ఇలాంటిదే కొత్తది చేయించాలనీ చెప్పాను.

"ఇరిగిన ముక్కకి కూడా కలకత్తా సూపిస్తన్నారన్నమాట!" అని నవ్వి, నాలుగు చెగోడీలు చేతిలో పెట్టింది.

పొద్దున్న ఆరున్నరకు షాలిమార్‌లో దిగాను. వెళ్లేవాళ్లకు ఒక మాట: స్టేషను గుమ్మంలో మీద పడే టాక్సీవాళ్లను వదిలేసి రోడ్డు దాకా నడవండి, బేరం సగానికి దిగుతుంది. కొత్త వంతెన మీదుగా అరగంటలో భవానీపూర్ చేరాను. లాడ్జి గది అగ్గిపెట్టెంత ఉన్నా వేడినీళ్లు వచ్చాయి. వీధి మొగలో కచూరీలు, బంగాళాదుంప కూర, మట్టి ముంతలో టీ. అన్నీ కలిపి యాభై రూపాయలు కాలేదు.

పదింటికి బస్సెక్కి ఏక్‌బాల్‌పూర్‌లో దిగాను. అచ్చులు చేసే పోలయ్యగారి పనిగది సందు చివర రేకుల షెడ్డు. ఆయనకు డెబ్బై దాటాయి. తండ్రి సోంపేట వైపు నుంచి రేవు పనికి వచ్చాడట. ఈయన ఓడల మరమ్మతు కార్ఖానాలో చెక్క అచ్చులు చేసి రిటైరయ్యాడు. పోతపోసే వస్తువుకు ముందు చెక్కతో అచ్చు చెయ్యాలి. దాన్ని ఇసుకలో అదిమి తీస్తే ఏర్పడే గుంటలో లోహం పోస్తారు. చల్లారితే లోహం కుంచించుకుపోతుంది కనుక అచ్చు వెంట్రుకవాసి పెద్దదిగా ఉండాలి. ఆ వెంట్రుకవాసి పోలయ్య చేతిలో ఉందని విశాఖలో పాత ఇనుము వ్యాపారి చెప్పాడు.

నేను గీసుకొచ్చిన బొమ్మలు పరిచాను. ఆయన వాటివైపు చూడనేలేదు.

"కొలతలు తరవాత బాబూ. ముందు ఇది ఎలగ ఇరిగిందో సెప్పండి."

"అదెందుకు?"

"దానంతటది పగిలితే అక్కడ బలం సాల్లేదన్నమాట. దళసరి సెయ్యాల. ఎవులైనా ఇరిస్తే తప్పు ముక్కది కాదు, ఉన్నదున్నట్టే దించాల. తెచ్చినోళ్ల మాటని బట్టే నాను అచ్చు సేస్తాను."

"పాత పగులు," అన్నాను. నెల్లాళ్లుగా అలవాటైన అబద్ధం, నాలుక తడబడలేదు.

ఆయన ముక్కను గుమ్మం వెలుతురులో తిప్పి చూశాడు. తరవాత నన్ను చూశాడు. "ఠీక్ ఆఛే, అలగే. రేపు పొద్దున్న రండి."

మధ్యాహ్నం భవానీపూర్‌లో అన్నం, పప్పు, ఆవపిండి పెట్టిన చేప తిన్నాను. ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్లనీళ్లు తిరిగాయి గానీ చేప మాత్రం బాగుంది. సాయంత్రం దాకా ట్రాములేమైనా కనిపిస్తాయేమోనని నడిచాను. పట్టాలు కనిపించాయి.

మర్నాడు తొమ్మిదింటికి వెళ్లేసరికి అచ్చు బల్ల మీద ఉంది. చూడముచ్చటగా ఉంది. అసలు ముక్క విరిగిన చోట మాత్రం అచ్చు కాస్త ఉబ్బెత్తుగా ఉంది. టాపు మడిస్తే కడ్డీలన్నీ వెనకసీటు వెనక ఉన్న సన్నటి గాడిలోకి దిగాలి. ఆ గాడి ఆకారానికి అట్టముక్క కత్తిరించుకుని తెచ్చాను. పెట్టి చూస్తే ఉబ్బు దగ్గర అచ్చు ఆగిపోయింది.

"దూరదండీ. ఇక్కడ తగ్గించెయ్యండి, చాలు."

పోలయ్య ఉలి పక్కన పెట్టాడు. "పాత పగులన్నారు గదా. తగ్గిస్తే మళ్లీ అక్కడే ఇరుగుద్ది. అలగ సెయ్యను దాదా. రేపు ఇరిగితే మిమ్మల్నేటీ అనరు. పోలయ్య పని ఇంతే అంటారు. నా మీదకే వొస్తది."

ఆ మాటకు గేటు దగ్గర స్టూలు గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది. ఎనిమిది వందల కిలోమీటర్లు వచ్చి ఇంకో మనిషిని కూడా అదే స్టూలు మీద కూర్చోబెట్టబోతున్నాను.

"నేనే విరిచానండీ. బోల్టు ఎక్కువ బిగించాను. అది తెలియకూడదని మసి పూశాను."

ఆయన గుడ్డ కిరసనాయిలులో ముంచి విరిగిన చోట తుడిచాడు. నలుపు పోయి కొత్త కంచు పచ్చగా మెరిసింది. తరవాత అచ్చు అందుకుని, ఉబ్బు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఉంచి గోటితో లాగాడు. సన్నటి చెక్కపేడు ఊడి వచ్చింది. కింద అచ్చు అసలు ముక్కలాగే నున్నగా ఉంది.

"పాత పగులైతే నలుపు లోపలికంటా దిగుద్ది. ఇది పైపైనే ఉంది. అందుకే ఉబ్బుని అచ్చులో కలిపి సెక్కకుండా, ఊడొచ్చేలాగ జిగురుతో అంటించి ఉంచినాను."

"నిన్ననే అడగాల్సింది కదండీ."

"అడిగినాను గదా బాబూ."

ఆ మధ్యాహ్నం ఆయనతోనే హౌరా వైపు పోతషాపుకు వెళ్లాను. మడతబందు పోసి చల్లారేసరికి సాయంత్రమైంది. మూడోరోజు ఆయనే ఆకురాయి పట్టి, బెజ్జాలు వేసి, అట్టముక్కలో దింపి చూపించాడు. హాయిగా దిగింది. విరిగిన ముక్కల్ని కూడా తువ్వాలులోనే కట్టి ఇచ్చాడు. ఆ సాయంత్రం షాలిమార్ ప్లాట్‌ఫారం మీద నుంచి రాజ్యలక్ష్మిగారికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను.

"ఇది నాకు చెప్పి లాభమేమిటండీ? పొద్దున్న స్టేషనుకు అప్పన్నను పంపుతాను. అతనితో చెప్పండి. నేను మాత్రం చెప్పను."

తిరుగు ప్రయాణంలో ఏం తిన్నానో గుర్తులేదు. కలకత్తా ఎలా ఉందని ఎవరైనా అడిగితే, లోకంలో లేని వస్తువునైనా అక్కడ చేయించుకోవచ్చని చెబుతాను. అసలుది ఎలా పోయిందో మాత్రం నిజం చెప్పాలి.

ఎనిమిదీ నలభైకి విశాఖపట్నంలో దిగాను. అప్పన్న ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో పెట్టె గుమ్మానికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. "పని అయినాదా బాబూ?" అంటూ సంచీ అందుకోబోయాడు. సంచీకి బదులు తువ్వాలు మూట అతని చేతిలో పెట్టి విప్పాను.

"దీన్ని నేనే విరిచాను అప్పన్నా. నా షెడ్డులో, నా చేత్తో. నువ్వు కాదు."

అతను కొత్తదాన్ని చూడలేదు. విరిగిన ముక్క తీసి, మెరిసే చోట బొటనవేలితో రెండుసార్లు రాశాడు.

"నెల్లాళ్ల బట్టి ఆలోసిస్తన్నాను బాబూ, ఏ రోజు గట్టిగా లాగేసినానా అని," అన్నాడు.