తోమకూడని టీపాట్

మా స్టాఫ్ రూమ్ టీపాట్ లోపలికి ఉద్యోగంలో చేరిన మూడో రోజున తొంగి చూశాను. ఆ తర్వాత దాదాపు ఆరు నెలలు అందులో టీ ముట్టుకోలేదు.

పైకి తెల్లగానే ఉండేది, మూత చుట్టూ చిన్న చిన్న నీలం పువ్వులు. లోపల మాత్రం అట్టకట్టిన నలుపు. పొద్దున్నే బడి గంటకు ముందొకసారి, పది గంటల విరామంలో ఒకసారి అందులో టీ దిగేది. ఇంగ్లండు నుంచి వచ్చిన టీచర్లు తలా ఒక కప్పు పట్టుకుని చుట్టూ చేరేవారు. చొక్కా ఇస్త్రీ నలిగితే ఊరుకోని మనుషులు ఆ మురికి పాత్రలోంచి టీ ఎలా తాగుతున్నారో నాకు అంతుపట్టేది కాదు. పాలగిన్నె అడుగంటితే అది తళతళలాడేదాకా తోమి గానీ నిద్రపోని ఇంట్లో పుట్టిన దాన్ని. ఇంటి నుంచి ఫ్లాస్కులో నా టీ నేనే తెచ్చుకునేదాన్ని. ఎవరైనా అడిగితే గ్యాస్ ట్రబుల్ అని అబద్ధం చెప్పేదాన్ని.

అది 2009. దుబాయ్‌లో సగం కట్టిన మేడల మీద క్రేన్లు ఎక్కడివక్కడ ఆగిపోయిన ఏడాది. మా ఆయన పనిచేసే కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఒక్కసారిగా సగం మందిని పంపించేసింది. పంపించేసిన సగంలో ఆయన ఉన్నారు. అద్దె తక్కువని అజ్మాన్‌కి మారాం. సెప్టెంబరులో నాకు దుబాయ్‌లోనే ఒక బ్రిటిష్ సిలబస్ బడిలో లెక్కల టీచరుగా ఉద్యోగం దొరికింది. ఆయన వీసా, రెండో క్లాసు చదివే మా అమ్మాయి వీసా, రెండూ నా ఉద్యోగం మీదకి వచ్చాయి. ఆరు నెలలు ప్రొబేషన్. ఆ తర్వాత ఉంచుకోవాలో వద్దో రాసేది మా లెక్కల విభాగం హెడ్. నేను వద్దనిపించుకుంటే ముగ్గురం సామాను సర్దుకోవాల్సిందే.

ఆవిడకు అరవై దగ్గర పడుతున్నాయి. మనసులో నేను పెద్ద మేడమ్ అనుకునేదాన్ని. మెచ్చుకునేది కాదు, తిట్టేదీ కాదు. ఆవిడ నా గురించి ఏమనుకుంటోందో తెలుసుకోవడం నా వల్ల కాలేదు. కిటికీ బయట ఒక థర్మామీటరు తగిలించుకుని, రోజూ పొద్దున్నే చూసి అంకె ప్రకటించేది. మిగతావాళ్ళు దాని గురించి పావుగంట మాట్లాడుకునేవారు. ఏడాదిలో పదినెలలు ఎండ తప్ప ఇంకోటి లేని ఊళ్ళో వాతావరణం గురించి మాట్లాడటానికేముందో నాకు తెలిసేది కాదు. డిసెంబరులో ఒకరోజు నాలుగు చినుకులు పడితే పాఠాలు ఆపి అందరూ ఆటస్థలంలోకి వెళ్ళి తడిశారు. నేను మాత్రం వరండాలో గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

మధ్యాహ్నం పూట స్టాఫ్ రూమ్‌లో పాత క్యాసెట్ ప్లేయరు మోగేది. వాళ్ళు చిన్నప్పుడు రేడియోలో విన్న పాప్ పాటలట. పెద్ద మేడమ్ పేపర్లు దిద్దుతూ ఎర్ర పెన్నుతో బల్ల మీద దరువు వేసేది. ఒక పాట వచ్చినప్పుడు మాత్రం పెన్ను ఆపి, అది అయిపోయేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. ఆ పాటేమిటో అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. అడిగేంత చనువు లేదు.

ఫిబ్రవరి చివరికి నా గడువు దగ్గరపడింది. ఆదివారం రిపోర్టు ఇస్తారనగా ముందు గురువారం ఆవిడ నన్ను పిలిచింది. మరునాడు శుక్రవారం పొద్దున ఇంకో బడి టీచర్లతో మావాళ్ళకు క్రికెట్ మ్యాచ్. ఆట మధ్యలో టీ విరామం ఉండాలి, అందులో టీ ఆ టీపాట్‌లోదే అయ్యుండాలి. మనకు ప్రసాదం ఎలాగో వాళ్ళకు అది అలాగ.

"టీ సామాను ఒక అట్టపెట్టెలో సర్ది నా కారు దగ్గర పెట్టిస్తారా? మీ ఆయనను కూడా తీసుకురండి. మాకు ఒక ఆటగాడు తక్కువ" అంది.

ఇండియా వాళ్ళందరూ క్రికెట్ ఆడతారని ఆవిడ నమ్మకం. మా ఆయన కాలేజీ వదిలాక బ్యాటు పట్టింది లేదు. అయినా అలాగే అన్నాను. ఆవిడ నాకు అప్పగించిన మొదటి సొంత పని అది. దాన్ని అదరగొట్టాలనుకున్నాను.

దాచుకోవడమెందుకు, ఆవిడ మెప్పు కోసమే చేశాను. బడి వదిలాక వంట క్లాసు గదిలోంచి వంట సోడా తెచ్చి, వేడినీళ్ళు పోసి, స్టీలు పీచుతో ఆ టీపాట్ లోపల తోమడం మొదలుపెట్టాను. మొదట డికాషన్ లాంటి నీళ్ళు వచ్చాయి. రెండోసారి ఇంకా చిక్కగా వచ్చాయి. ముక్కు లోపలికి పాత టూత్ బ్రష్ దూర్చాను. ముప్పావుగంట తోమాక లోపలంతా పాలమీగడ రంగులో మెరిసింది. కిటికీ దగ్గర బోర్లించి, చేతులు తుడుచుకుని, నా పనితనాన్ని చూసుకుని మురిసిపోయాను.

అప్పుడే క్లీనింగ్ చేసే అక్క బకెట్టు పట్టుకుని లోపలికి వచ్చింది. కడప దగ్గరి పల్లె ఆమెది. బడిలో నాతో తెలుగు మాట్లాడే ఒకే ఒక్క మనిషి. టీపాట్ ఎత్తి లోపలికి చూసి అలాగే నిలబడిపోయింది.

"ఎవురు తోమినారు మేడమ్ దీన్ని?"

"నేనే అక్కా. ఎన్నేళ్ళ మురికో."

"మురికి కాదంట మేడమ్ అది. నేను వచ్చిన మొదటిరోజే పిలిచి చెప్పింది ఆయమ్మ. ఉత్త నీళ్ళతో కడిగి బోర్లించు, సబ్బు తగలకూడదు, లోపల చెయ్యి పెట్టకూడదు అని. ఆ నలుపుతోనే టీకి రుచి వస్తాదంట. వాళ్ళమ్మ వాడిన టీపాట్ అంట అది."

కుర్చీలో కూలబడ్డాను.

"రోజూ కడిగేది నేను కదా మేడమ్" అంది అక్క, చాలా నెమ్మదిగా. "నేనే చేసినానని అనుకుంటారు. మా కంపెనీ ముదీర్‌కు, అదే మేనేజరుకు, ఒక్క ఫోన్ పోతే చాలు, ఖలాస్, ఊరికి పంపిచ్చేస్తాడు."

"నేనే చేశానని చెప్తాను అక్కా."

"చెప్తావా?"

చెప్తానన్నాను. పెద్ద మేడమ్ ప్రిన్సిపాల్ గదిలో మీటింగులో ఉంది. బయట నిలబడి ఉంటే అరగంటలో వచ్చేది. అజ్మాన్ బస్సు కదులుతోందని నాకు నేను చెప్పుకుని, అట్టపెట్టె కారు దగ్గర పెట్టించి బస్సెక్కేశాను. ఇంకో బస్సు ఉందని నాకు తెలుసు.

ఇంటికి వెళ్ళి చెబితే మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశారు.

"ఆదివారం రిపోర్టు వచ్చేదాకా నువ్వేం మాట్లాడకు" అన్నారు.

"అక్క మీద పడుతుందండీ."

"పడితే అప్పుడు చూద్దాం. ముందు మన ముగ్గురి సంగతి చూడు."

ఆయన చెడ్డవాడు కాదు. ఎనిమిది నెలలుగా రోజూ పొద్దున్నే ఇంటర్వ్యూ చొక్కా వేసుకుని వెళ్ళి, సాయంత్రం అదే చొక్కా కొక్కేనికి తగిలిస్తున్న మనిషి. నాకు కోపం రాలేదు. ఆయన మాట వినాలనే ఉంది. అదే నన్ను భయపెట్టింది.

శుక్రవారం పొద్దున గాలి బాగా వీస్తోంది. ఇసుక మైదానం మధ్యలో మ్యాట్ పరిచి పిచ్ చేశారు. పెద్ద మేడమ్ టోపీ పెట్టుకుని, చెక్కిన పెన్సిళ్ళు నాలుగు ముందు పెట్టుకుని స్కోరు రాస్తోంది. మా ఆయన ఐదో నంబరులో దిగి రెండో బంతికే బౌల్డ్ అయ్యారు. అందరూ చప్పట్లు కొట్టారు. అవుటైనవాడికి చప్పట్లెందుకు కొడతారో ఆయనకు అర్థం కాక మొహం ఎర్రబడింది. వచ్చి నా పక్కన కూర్చున్నారు.

టీ విరామం వచ్చింది. దోసకాయ ముక్కల శాండ్‌విచ్‌లు బల్ల మీద పెట్టారు. పెద్ద మేడమ్ టీపాట్ చేతిలోకి తీసుకుని మూత తీసింది. లోపలికి చూసింది. మూత మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి చూసింది. పక్కనున్న సైన్సు టీచరు తొంగి చూసి, "అయ్యో, ఆ క్లీనర్ పనే అయ్యుంటుంది. ఆదివారం కంపెనీకి ఫోన్ చేయాలి" అన్నాడు.

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి గట్టిగా పట్టుకోలేదని ఇప్పటికీ అనుకుంటాను.

"నేను తోమాను" అన్నాను లేచి. "ఆమెకు తెలియదు. మురికి అనుకుని నేనే సోడా వేసి తోమాను."

పెద్ద మేడమ్ నావైపు చూసి, తర్వాత మైదానం అవతలి జెండా కర్రల వైపు చూసింది.

"నిన్నటికంటే గాలి ఎక్కువగా ఉంది కదా" అంది.

అవునన్నారు అందరూ ఒకేసారి. పడమటి గాలన్నాడొకడు, ఇసుక లేస్తుందేమో అన్నాడింకొకడు. ఆ కబుర్ల మధ్య ఆవిడ నీళ్ళు పోసి, టీ దించి, అందరికీ కప్పుల్లో పోసింది. నాకూ ఒక కప్పు ఇచ్చింది. తాగకుండా బల్ల మీదే వదిలేశాను. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో మా ఆయన, "గాలి గురించి మాట్లాడిందేంటి?" అన్నారు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాం ఇద్దరం. శనివారం ఆయన అటక మీద సూట్‌కేసుల వైపు రెండుసార్లు చూడటం నేను గమనించాను.

ఆదివారం మొదటి పీరియడ్ ఖాళీ. ఆవిడ నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది. బల్ల మీద టీపాట్ ఉంది, పక్కన మూసిన ఫైలు ఉంది. కారిడార్‌లో అక్క నేల తుడుస్తూ కనిపించింది. ఆమె ఇంకా ఇక్కడే ఉందన్నమాట. ఆ ఒక్క విషయానికి గుండె కాస్త కుదుటపడింది.

"అది మా అమ్మది. ముప్పై ఏళ్ళు ఆవిడ టీ పెట్టింది అందులో, ఇరవై ఏళ్ళు నేను" అంది పెద్ద మేడమ్.

"క్షమించండి" అన్నాను.

"మళ్ళీ ఆ రంగు రావాలంటే రోజుకు రెండుసార్లు టీ పెట్టాలి, సెలవులు పోను. నా లెక్క ప్రకారం నాలుగేళ్ళు పడుతుంది. పాడుచేసింది మీరే కనుక, ఆ టీ పెట్టాల్సింది కూడా మీరే."

సరేనన్నాను. ఆవిడ ఇంకేమైనా అంటుందేమోనని కూర్చున్నాను. లెక్కల టీచర్ని, నాకు ఆ లెక్క తెలియడానికి అంతసేపు పట్టకూడదు. నాలుగేళ్ళు అంది. నాలుగేళ్ళు రోజుకు రెండుసార్లు నేను ఈ గదిలో టీ పెట్టాలి. పెట్టాలంటే ఇక్కడే ఉండాలి.

నా కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి ఆవిడ కంగారు పడింది. గబగబా కిటికీ వైపు తిరిగి థర్మామీటరు చూసింది.

"ఇరవై నాలుగు" అంది. "ఇక చలి పోయినట్టే."

"పోయినట్టేనండీ" అన్నాను. వాతావరణం గురించి ఒకరితో అంత మనస్ఫూర్తిగా మాట్లాడటం నాకు అదే మొదలు.

కారిడార్‌లోకి వచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు. "నాలుగేళ్ళండీ" అన్నాను. అంతకంటే చెప్పలేక ఏడుస్తుంటే ఆయనకేమీ అర్థం కాక, సూట్‌కేసులు దించాలా అని అడిగారు. వద్దు, అవి అక్కడే ఉండనివ్వండి అన్నాను. అక్క తుడుపు కర్ర గోడకు ఆనించి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

పది గంటల విరామంలో మొదటిసారి నేను టీ పెట్టాను. ఫ్లాస్కు సంచిలోనే ఉండిపోయింది. అందరికీ పోసి, నా కప్పులోనూ పోసుకున్నాను. టీ అంతా సోడా కంపు. అయినా అందరూ ఒక్క చుక్క మిగల్చకుండా తాగారు. నేను రెండు కప్పులు తాగాను.