రేసు తగ్గని బండి మీద పెళ్లిచూపులు

ఆ రోజుల్లో చలికాలం పొద్దున ఎవరు ఎటు బయల్దేరుతున్నారో వాడకట్టంతటికీ తెలిసేది. కిక్కు కొట్టీ కొట్టీ ఆయాసపడుతుంటే ఎవరో ఒకరు వచ్చి అడగకుండా ఉంటారా? మా తూంకుంటలో బాపు బండి ఈ విషయంలో ఊరికి చాలా సేవ చేసింది. స్టార్ట్ అయ్యేది, కాస్త దగ్గేది, ఆగేది. నేను మెకానికల్ ఇంజినీరింగ్ పాసైనవాణ్ని (బండి విషయంలో ఇంట్లో నా మీద నమ్మకం పోవడానికి అదొక కారణం). చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి, వేడెక్కేదాకా రేసు కొంచెం ఎక్కువ ఉండాలని చదివాను. రేసంటే యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ తిరిగే వేగం. మేడ్చల్‌లో పిల్లను చూడబోయే రోజు పొద్దున స్క్రూ తిప్పి రేసు పెంచాను. బండి ఆగలేదు. 'వేడెక్కేదాకా' అన్న ముక్క మాత్రం గుర్తుకు రాలేదు.

శామీర్‌పేట దాటేసరికి ఇంజన్ వేడెక్కింది. మేడ్చల్ చేరేసరికి యాక్సిలరేటర్‌తో పనే లేకుండా పోయింది. పిల్లోళ్ల ఇంటి ముందు ఆపితే పిండిగిర్నీ నడుస్తున్నట్టు మోత.

"బంద్ జెయ్‌రా" అన్నాడు బాపు.

"బంద్ జేస్తె మల్ల స్టార్ట్ గాదు బాపూ. వాళ్ల ముంగట కిక్కులు కొట్టాల్నా?"

బాపు ఆలోచించాడు. పోయేది నా ఒక్కడి పరువే కాదని తోచినట్టుంది. "గట్లనే ఉండనియ్" అన్నాడు. స్టాండేసి లోపలికి పోయాం.

పిల్ల నాయిన కుర్చీలు చూపిస్తూనే గేటు వైపు చూశాడు. "ఏందన్నా, గప్పుడే పోతరా? బండి గూడ బంద్ జెయ్యలే. మా ఇల్లు నచ్చలేదా?"

"మస్తు నచ్చింది!" అని బాపు అరిచాడు. మామూలుగా అంటే వినబడదు మరి. కానీ అరిచి మెచ్చుకుంటే తిట్టినట్టే ఉంటుంది. ఆయన మొహం ఇంకాస్త ముడుచుకుంది. సంబంధం చేజారడం నాకు కళ్లారా కనిపించింది. అంతలో పిల్ల చాయ్ తెచ్చింది. పేరడిగాను. చెప్పింది. మళ్లీ అడిగాను. మళ్లీ చెప్పింది. ఇంకోసారి నోరు తెరవబోతే ట్రే నా చేతిలో పెట్టి, బయటికి పోయి, బండి తాళం తిప్పి వచ్చింది.

"ఇగ చెప్త, ఇనుండ్రి. ముందుగాల మీరు చెప్పుండ్రి, ఎందుకు బంద్ జెయ్యలే?"

"మల్ల స్టార్ట్ గాదని" అన్నాను, ట్రే పట్టుకునే.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. వాళ్ల నాయినకైతే నవ్వీ నవ్వీ పొలమారింది. "గిదా సంగతి! నేనింకేందో అనుకొని పరేషానైన!"

పోయేటప్పుడు ఇంటిల్లిపాదీ గేటు దగ్గర నిలబడ్డారు (సాగనంపడానికేనని చెప్పలేను). ఒక్క కిక్కుకే స్టార్టయింది. వేడి మీదున్న ఇంజన్ అంతేనట. అదీ నేను చదివిందే.

ఇప్పటి బండి చలిపొద్దున రేసు తనే పెంచుకుంటుంది, తనే తగ్గించుకుంటుంది. మోత మెల్లగా దిగుతుంటే వింటూ ఊరికే నిలబడతాను. "ఇంక పోలేదా?" అని లోపలి నుంచి ఆమె (పేరు ఇప్పుడు స్పష్టంగా తెలుసు). నలుగురి ముందు బండి ఆగితే బతుకే ఆగుతుందనుకున్న ఆ పిలగాడు గుర్తొస్తాడు. భుజం తట్టి "బంద్ జెయ్‌రా, ఏం గాదు" అనాలనిపిస్తుంది. వాడికి వినబడదనుకోండి, ఆ మోతలో.