గోడవైపు తిరిగిన టమాటా క్రేటు

నాకు పిల్లలంటే ఓపిక లేదని మా అమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. వింటే ఒళ్ళు మండుతుంది. డిగ్రీ అయ్యాక, సాయంత్రాలు మా వసారాలో వీధి పిల్లలకు ఇంగ్లీషు గ్రామర్ చెబుతున్నాను. ఒక్కరి మీదా చెయ్యెత్తలేదు. తప్పు చెప్పినవాళ్ళను గోడవైపు తిరిగి కూర్చోమంటాను, అంతే.

ఈ రోజు పెరుగు కోసం ఎదురింటికి వెళ్ళాను. వాళ్ళు మదనపల్లె మార్కెట్టుకు టమాటాలు వేస్తారు. నా దగ్గర చదివే వాళ్ళ పాప, రెండో తరగతి చందన, ఖాళీ క్రేట్లను వరసగా పెట్టి, స్కేలు పట్టుకుని "హి ఈజ్, దే ఆర్" అని పాఠం చెబుతోంది. ఆ గొంతూ, ఆ నిట్టూర్పూ అచ్చం నావే. నవ్వొచ్చింది. ఒక క్రేటు మాత్రం గోడవైపు తిరిగి ఉంది.

"ఆ పాప ఎవురే?" అన్నాను.

"నేనేక్కా. ఎన్నితూర్లు సెప్పినా దానికి రాదు. మొద్దుది."

"టీచరు నువ్వే కదా, ఇట్ల తిప్పుకోరాదా?"

"వచ్చేదాకా తిప్పగూడదక్కా. నువ్వే కదా సెప్పినావు."

మొద్దు అన్న మాట కూడా నాదే.

పెరుగు మరిచిపోయి ఇంటికొచ్చాను. పెరుగేదని అమ్మ అడిగితే ఆమె మీదే అరిచాను.

చిన్నప్పుడు టీచరాటలో మీరు ఎవరిని తిట్టేవాళ్ళో కింద కామెంట్లలో రాయండి. రేపటి నుంచి నేను ఎవరినీ గోడవైపు కూర్చోబెట్టను. ఈ సంగతి అమ్మకు మాత్రం చెప్పను.